బావగారి నారింజ టమాటాలు

జూన్ 4

చిన్నోడా,

ఈ ఉత్తరం నీకు పెట్టె అడుగున, టమాటాల కింద దొరుకుతుంది. తడిసి ఉంటే నన్ననకు. బాగా పండినవి పైనే పెట్టాను, బస్సులో ఎవరు వాటి మీద ఏం పెట్టారో నాకేం తెలుసు. ఫోన్ చేయొచ్చు కదా అంటావు. చేస్తే మీ బావ పక్కనే కూర్చుని చెవులు రిక్కిస్తాడు. ఇది ఆయన సంగతే మరి.

ముందే చెబుతున్నా, కంగారు పడకు. పోయిన నెల వర్క్‌షాపులో బాగు చేయమని ఎవరో తెచ్చిన నీళ్ళ పంపు ఎత్తబోయి, ఛాతీ పట్టేసిందని అక్కడే కూలబడ్డాడు. ఆ రోజే చెబితే ఉన్నపళంగా బయల్దేరి వస్తావని చెప్పలేదు. డాక్టరమ్మ అన్ని పరీక్షలూ చేసి, ఇది గుండెపోటు కాదు, హెచ్చరిక మాత్రమే అంది. రెండోసారి మాత్రం చెప్పి రాదట. ఉప్పు తగ్గించమంది, నూనె తగ్గించమంది, సాయంత్రం నడవమంది. కూరగాయలు, పళ్ళు ఎక్కువ తినమంది. ఉప్పు తగ్గించిన పూట మీ బావ కంచం వైపు చూసే చూపు నువ్వు చూడాలి. అయినా మాట అనడు. అనే మనిషైతే నాకింత దిగులుండేది కాదు.

మా వీధి చివర మందుల షాపాయన, గుండెకి టమాటా మంచిది, అందులో లైకోపీను అని ఒకటుంటుంది అన్నాడు. ఆ మాట వినగానే నువ్వే గుర్తొచ్చావు. ఇన్నేళ్ళుగా ఆ ల్యాబ్‌లో కూర్చుని కూరగాయల్లో ఏముందో కొలుస్తున్నావు కదా, ఇంట్లోవాళ్ళకి ఎప్పుడైనా పనికొచ్చావా?

వర్క్‌షాపు వెనక పెరట్లో, కోసిన డ్రమ్ముల్లో మీ బావ నాలుగు రకాలు పెంచుతున్నాడు. నాలుగూ పంపుతున్నాను. పెద్ద ఎర్రవి, గోలీలంత చిన్న ఎర్రవి, వంకాయలా నల్లగా మెరిసేవి, నారింజ రంగువి. ఈ నారింజవి ఎక్కడా కొన్నవి కావు. ఏటా ఆయనే విత్తనం తీసి కాగితం మీద ఆరబెట్టుకుంటాడు. ఎందుకయ్యా ఇంత శ్రమ అంటే, బాగుంటాయి కదా అంటాడు, అంతే.

దేంట్లో ఎక్కువ బలముందో కొలిచి చెప్పు. ఇకమీదట ఆయనకి అదే పెడతాను. నేను దుకాణంలో నలుగురికి కొలతలు తీసి కుడతాను కాబట్టి చెబుతున్నా, ఉజ్జాయింపుగా వద్దు.

మరదలిని అడిగానని చెప్పు.

మీ అక్క


జూన్ 17

అక్కా,

పెట్టె అందింది. పెద్ద ఎర్రవి రెండు చితికాయి. మిగతావి బాగున్నాయి. నీ ఉత్తరం మాత్రం మా ఫ్రిజ్ తలుపుకి అంటించి ఆరబెట్టుకుని చదివాను.

బావ సంగతి నెల దాటాక టమాటాల కింద పెట్టి చెప్పావు. దీని గురించి ఎదురుపడ్డప్పుడు మాట్లాడతాను. అప్పటిదాకా ఆయన్ని పంపులు ఎత్తనివ్వకు.

ఇక నువ్వడిగింది. మేం పండు నలిపి రసంలోంచి రంగు పదార్థం తీసి, గాజు గొట్టంలో పోసి, దాని గుండా వెలుతురు పంపిస్తాం. వెలుతురు ఎంత ఆగిపోతే పదార్థం అంత ఉన్నట్టు. లైకోపీను అంటే టమాటాకి ఎరుపునిచ్చేదే. మన ఒంట్లో తుప్పు పట్టడం లాంటి పని ఒకటి నిత్యం జరుగుతూ ఉంటుంది, దాన్ని కాస్త నెమ్మది చేసే పదార్థాల్లో ఇదొకటి. సి విటమిను కూడా అలాంటిదే. బావకి తుప్పు సంగతి వేరే చెప్పక్కర్లేదు.

చిన్న ఎర్రవి అన్నిటికంటే ముందున్నాయి, లైకోపీనులోనూ సి విటమినులోనూ. కారణం చెప్పనా? అసలు బలమంతా తొక్కలో ఉంటుంది. చిన్న పండుకి కండ తక్కువ, తొక్క ఎక్కువ. నల్లవాటిలో ఇంకో రకం పదార్థం అదనంగా ఉంది, అదీ ఎండ తగిలిన వైపు తొక్కలోనే. పెద్ద ఎర్రవి ఫరవాలేదు. నారింజవాటిలో లైకోపీను దాదాపు సున్నా. బావకి మాట తక్కువ, సరుకు ఎక్కువ. ఆయన టమాటాలకి సోకు ఎక్కువ, సరుకు తక్కువ అని నేనన్నానని చెప్పు.

ఒక సంగతి గుర్తుంచుకో. సి విటమిను కావాలంటే పచ్చిగా తినాలి, వేడికి అది పోతుంది. లైకోపీను దీనికి వ్యతిరేకం. ఉడికిస్తేనే బయటికొస్తుంది, నూనె తోడుంటేనే ఒంటికి పడుతుంది. కాబట్టి ఎర్రవాటిని నూనెలో మగ్గబెట్టి పెట్టు.

ఇది మందు కాదు, తిండి. డాక్టరమ్మ మందులు ఆపొద్దు.

నీ తమ్ముడు


జూన్ 25

చిన్నోడా,

నీ ఉత్తరం భోజనాల దగ్గర పైకి చదివాను. మీ బావ సోకు, సరుకు దగ్గర నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. "తొక్కలో టమాటాలు అన్నాడా?" అని అడిగాడు. అలా కాదయ్యా, తొక్కలో బలం ఉందన్నాడు అంటే, ఊఁ అని చెయ్యి కడుక్కుని పెరట్లోకి వెళ్ళిపోయాడు. ఆ మాటని నువ్వు ఇంకోలా రాయాల్సింది. తోలు అనొచ్చు కదా.

సరే, ఆయన అలక ముఖ్యమా, గుండె ముఖ్యమా? మర్నాడు ఆయన ఎవరింట్లోనో మోటారు బిగించడానికి వెళ్ళినప్పుడు, నారింజ మొక్కలన్నీ పీకేశాను. మూడు డ్రమ్ములు అవే ఆక్రమించాయి. వాటి చోట చిన్న ఎర్రవి పెట్టాను. సున్నా బలమున్నదాన్ని నీళ్ళు పోసి పెంచడం దేనికి? సాయంత్రం వచ్చి చూశాడు. పీకిన మొక్కల కుప్ప పక్కన కాసేపు నిలబడ్డాడు. "నీళ్ళు పోశావా కొత్తవాటికి?" అన్నాడు. అంతే. నాకు గట్టిగా నాలుగు తిడితే బాగుండుననిపించింది.

నూనె సంగతి నువ్వు చెప్పినట్టే చేస్తున్నాను. ఎర్రవాటిని నూనెలో తేలేటట్టు మగ్గబెడుతున్నాను, రోజూ రెండు పూటలా. పైన ఎర్రటి నూనె తేలితే చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. అదే లైకోపీను అని మా దుకాణానికి వచ్చేవాళ్ళకి కూడా చెబుతున్నాను. ఒకావిడ అది ఏ కంపెనీ నూనె అని అడిగింది.

మీ అక్క


జూన్ 27

అక్కా,

నీ జవాబు ఇంకా రాలేదు, ఈలోగా నేనే రాస్తున్నాను. ఒక అనుమానం వచ్చింది. నారింజ టమాటాలు ఇంకో డజను వెంటనే పంపు. పండినవే పంపు. అవి తేలేదాకా వాటి గురించి నేను రాసింది పక్కన పెట్టు.

మా ల్యాబ్ పెద్ద మేడమ్‌గారు నా లెక్కలు చూసి, ఒక్క ప్రశ్న అడిగి వెళ్ళిపోయారు. దాని జవాబు కోసమే పండ్లు కావాలి. పండ్లు వచ్చాక అన్నీ వివరంగా రాస్తాను.

తొందరలో,
నీ తమ్ముడు


జూలై 2

చిన్నోడా,

నీ చీటీ చదివిన దగ్గర్నుంచి నాకు కాళ్ళూ చేతులూ ఆడటం లేదు. అనుమానం అంటే ఏమిటి? అందులో ఏదైనా చెడు ఉందా? సున్నా అన్నావు, పీకేశాను. ఇప్పుడు అనుమానమంటున్నావు. ఏళ్ళ తరబడి తిన్నామే అవి. నాకే ఎక్కువ పెట్టేవాడు కూడా. పక్కింటివాళ్ళకి కూడా ఇచ్చాం. మీ పెద్ద మేడమ్ దాకా వెళ్ళిందంటే చిన్న విషయం కాదు కదా.

మీ బావకి చెప్పాను. చెప్పకుండా ఎలా ఉంటాను? ఆయన ముఖం పాలిపోయింది. కుర్చీలో కూర్చుని, "నీకేం కాలేదు కదా?" అన్నాడు. నాకెందుకవుతుంది, నేను పీకేశానుగా అన్నాను. పండ్లు పంపడానికి ఇక్కడేం మిగల్లేదు. నువ్వు నీ దగ్గరున్నవాటితోనే తేల్చు.

ఆయన నడక మానలేదు. ఎర్రవి పెట్టినన్ని తింటున్నాడు. నేనూ తోడుగా అవే తింటున్నాను. ఇద్దరం ఒకటి తింటేనే ఆయనకి సయిస్తుంది. నాకు మాత్రం నోరు పూసింది, నీళ్ళు తాగినా మంట. ఎండలకేమో. డాక్టరమ్మ దగ్గరికి వచ్చే వారం వెళ్ళాలి. పరీక్షలో కొవ్వు తగ్గి ఉంటుందని నా నమ్మకం. ఇంత నూనె పోసి మగ్గబెడుతున్నాను కదా.

త్వరగా రాయి. మరదలు కూడా ఆ టమాటాలు తినిందా?

మీ అక్క


జూలై 7

అక్కా,

ముందు నూనె ఆపు. ఇప్పుడే, ఈ ఉత్తరం చదవడం ఆపి వెళ్ళి ఆపు. నూనె తోడుండాలంటే ఒక చిన్న చెంచాడని అర్థం. తేలేటట్టు అని నేనెక్కడా రాయలేదు. ఎంతో కూడా రాయలేదు, అది నా పొరపాటే. కొలతలు తీసే మనిషివి, ఎంత అని ఒక్క మాట అడగొచ్చు కదా. వచ్చే వారం పరీక్షలో కొవ్వు పెరిగిందని తేలితే, బావని కాదు, నన్ను తిట్టమని డాక్టరమ్మకి చెప్పు.

రెండోది, ఆ టమాటాల్లో చెడు ఏమీ లేదు. నీ మరదలు కూడా తినింది, కళకళలాడుతోంది. అనుమానం టమాటాల మీద కాదు, నా మీద.

మేడమ్‌గారు అడిగిన ప్రశ్న ఇది: "పండులో రంగు లేకపోతే, మీ గొట్టంలో ఈ నారింజ రంగు ఎక్కడి నుంచి వచ్చింది?" నేను ఎరుపుని పట్టే వెలుతురులో మాత్రమే చూశాను. ఎరుపు లేదు కాబట్టి సున్నా అన్నాను. అదృష్టం కొద్దీ ఫ్రిజ్‌లో గడ్డకట్టించిన గుజ్జు కాస్త మిగిలింది. దాన్ని మళ్ళీ తీసి, ఈసారి పదార్థాలను విడదీసే పెద్ద మెషిన్‌లో పెట్టాం.

అక్కా, బావ టమాటా నిండా లైకోపీనే ఉంది. మామూలు టమాటాలో అది నిటారుగా కర్రలా ఉంటుంది. బావ టమాటాలో అదే మెలికలు తిరిగి ఉంది. మెలిక పడితే రంగు ఎరుపు నుంచి నారింజకి మారుతుంది. అందుకే నాకు కనబడలేదు. ఇలాంటి నారింజ రకాలు మనుషులకి తినిపించి చూసినవాళ్ళు, మెలిక తిరిగినది ఒంటికి ఇంకా తేలిగ్గా పడుతుందని రాశారు. కర్రలు ఒకదానికొకటి అతుక్కుని గట్టిపడతాయి, ఇవి అలా అతుక్కోవు. సోకు ఎక్కువ, సరుకు తక్కువ అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. తొక్క అన్న మాట కూడా.

నువ్వు మొక్కలు పీకావని చదివి నా మనసు చివుక్కుమంది. నేను సరిగ్గా చూసి ఉంటే నువ్వు పీకేదానివి కాదు. బావ దగ్గర విత్తనమేదైనా మిగిలి ఉందా? అడుగు. అసలు ఆయన ఆ ఒక్క రకాన్నే ఏటా ఎందుకు దాస్తున్నాడో కూడా అడుగు. బాగుంటాయి అంటే ఊరుకోకు.

నీ తమ్ముడు


జూలై 16

చిన్నోడా,

డాక్టరమ్మ దగ్గర అక్షింతలు పడ్డాయి. కొవ్వు కాస్త పెరిగింది. నూనె సంగతి చెబితే పెన్ను కింద పెట్టి నా వైపు చూసింది. నీ పేరు చెప్పి బయటపడ్డాను. గుండె మాత్రం నిలకడగా ఉందట. రక్తపోటు తగ్గింది, అది నడక చలవ. నూనె ఇప్పుడు చెంచాతోనే. చెంచా కూడా చిన్నదే కొన్నాను.

నా నోరు చూసి, ఈ పుండ్లేమిటని అడిగింది. ఎండ అన్నాను. పక్కనున్న మీ బావ, ఎప్పుడూ డాక్టర్ల ముందు నోరు విప్పని మనిషి, "ఎండ కాదండీ, టమాటా పులుపు. పెళ్ళయిన కొత్తలో కూడా ఇంతే" అన్నాడు. నేను తెల్లబోయాను. అవును, అప్పట్లో టమాటా తింటే నాకు నోరు పూసేది. ఇష్టం కొద్దీ తిని మంటతో ఏడ్చేదాన్ని. ఆ తర్వాత అదే పోయింది. వయసొచ్చాక పోయిందనుకున్నాను.

ఇంటికి నడిచి వస్తూ నీ ప్రశ్న అడిగాను. బాగుంటాయి అన్నాడు. ఊరుకోలేదు. వంతెన మీద ఆగిపోయాను, చెబితేనే కదులుతానన్నాను. జనం చూస్తున్నారని ఆయనకి సిగ్గేసింది, చెప్పాడు.

ఎప్పుడో ఒక పెద్దాయన తోటలో పంపు బాగు చేయడానికి వెళ్తే, ఆయన నారింజ టమాటాలు నాలుగు చేతిలో పెట్టాడట. ఇంటికి తెస్తే నేను నిలబడిన చోటే మూడు తినేశానట. మర్నాడు నా నోటికేమీ కాలేదు. అది ఆయన చూశాడు. నాలుగోది నాకు పెట్టకుండా విత్తనానికి దాచాడు. అప్పటి నుంచి ఏటా కాపు రాగానే ఒక్కో మొక్కది ఒక్కో పండు కోసి నా ముందు పెట్టేవాడు. నాకది మామూలే అనుకునేదాన్ని. "నువ్వు రెండోసారి చెయ్యి చాచింది ఏ మొక్క పండుకో చూసి, దాని విత్తనం తీసేవాణ్ణి" అన్నాడు.

తమ్ముడూ, వాటిని నేను ఈ చేతులతో పీకాను. ఆయన కోసమని పీకాను. పీకిన రోజే ఎందుకు చెప్పలేదని అడిగాను. "పీకేశాక చెబితే నువ్వు బాధపడటం తప్ప ఏముంది?" అన్నాడు. మరి నీ బాధో అంటే, ఆయన నవ్వి, పద అన్నాడు.

తిన్నగా వర్క్‌షాపు వెనక్కి తీసుకెళ్ళాడు. పాత పంపుల గుల్లలు పారేసే మూల ఉంది కదా, నేను అటు తొంగి కూడా చూడను. ఆ ఇనప గుల్లల్లో తడి ఇసుక పోసి, ఒక్కోదాంట్లో ఒక్కో టమాటా కొమ్మ గుచ్చి ఉంది. ఆ సాయంత్రమే కుప్పలోంచి చిగుళ్ళు ఏరుకున్నాడట. టమాటా కొమ్మ మొండిది, తడి తగిలితే చాలు వేళ్ళేస్తుంది అన్నాడు. జానెడు ఎత్తు లేచాయి. నీ అనుమానం ఉత్తరం వచ్చినప్పుడు వాటిని కూడా పారేద్దామనుకున్నాడట, నాకేమైనా అవుతుందేమోనని. చెయ్యి రాలేదట.

మెలిక తిరిగిన లైకోపీను కథంతా చదివి వినిపించాను. శ్రద్ధగా విన్నాడు. వాణ్ణి తిట్టకు, ఎర్రది వెతికేవాడికి ఎర్రదే కనబడుతుంది అన్నాడు. మీ ఇద్దరూ ఒకటే. మధ్యలో నేనే పిచ్చిదాన్ని.

రేపు ఆదివారం ఇద్దరం వాటిని డ్రమ్ముల్లోకి మారుస్తున్నాం. చిన్న ఎర్రవాటిని పీకను, కాస్త సర్దుకోమంటాను. అవి ఆయనకి, ఇవి నాకు.

మీ అక్క


సెప్టెంబర్ 22

చిన్నోడా,

ఉత్తరం రాసి చాలా రోజులైందని అలిగావట, మరదలు ఫోన్‌లో చెప్పింది. దుకాణంలో ఊపిరి సలపని పని. బడిపిల్లల దుస్తులు కుట్టి కుట్టి కళ్ళు నీలం రంగుకి తిరిగాయి.

మీ బావ బాగున్నాడు. కొవ్వు దిగింది. డాక్టరమ్మ మెచ్చుకుంది, నడకనీ ఉప్పు తగ్గించడాన్నీ మందులనీ. టమాటాల పాత్ర ఎంత అని అడిగితే, భోజనం బల్ల దగ్గర ఇద్దరూ కూర్చుని తీరిగ్గా తింటున్నారు కదా, అది కూడా రాసుకుంటాను అంది. బరువు ఎత్తే పనులకి ఒక మనిషిని పెట్టుకున్నాడు. సాయంత్రాలు నేనూ దుకాణం మూసి ఆయనతో నడుస్తున్నాను. మాట్లాడుతున్నాడు కూడా. అంటే, నేను పది మాటలంటే ఆయన ఒకటి. ముందు అదీ లేదు.

నారింజవి కాపుకొచ్చాయి. మొన్న పొద్దున ఒక్కో మొక్కది ఒక్కో పండు కోసి నా ముందు పెట్టి, ఏమీ ఎరగనట్టు మోటారుకి రాగి తీగ చుట్టుకుంటూ కూర్చున్నాడు. ఇప్పుడు నాకు తెలుసు కదా, చెయ్యి చాచడానికి సిగ్గేసింది. ఇన్నేళ్ళు హాయిగా తిన్నదాన్ని, ఎక్కడ చెయ్యి పెట్టాలో తెలియక పెళ్ళిచూపుల్లో పిల్లలా కూర్చున్నాను. చివరికి కళ్ళు మూసుకుని తిన్నాను. మూల డ్రమ్ములోదానికి రెండోసారి చెయ్యి వెళ్ళింది. ఆయన కాగితం తెచ్చుకున్నాడు.

మీ మేడమ్‌గారు ఆ రకానికి పేరేమైనా ఉందా అని అడిగారని రాశావు. ఆయన్ని అడిగాను. "పేరెందుకు? పిలిస్తే వస్తాయా?" అన్నాడు.

పెట్టె నిండా అవే పంపుతున్నాను. మీ బావ ఒక్కొక్కటీ కాగితంలో చుట్టి, తనే కట్టాడు. ఇవి పరీక్షకి కాదు, తినడానికి అని నన్ను రాయమన్నాడు. రాశాను.

మీ అక్క


సెప్టెంబర్ 27

అక్కా,

పెట్టె ల్యాబ్‌కే వచ్చింది, చిరునామా అదే రాశావు కాబట్టి. ఒక్క పండు కూడా చితకలేదు. అది బావ కట్టిన కట్టు.

మధ్యాహ్నం భోజనానికి ముందు విప్పాను. ఒకటి ఇంటికి తీసుకెళ్ళి మరదలితో కలిసి తిందామనుకున్నాను. వాసన ఆగనివ్వలేదు. కిటికీ దగ్గర నిలబడి ఒకటి కొరికాను. రసం మోచేతి దాకా కారింది. ఇన్నేళ్ళుగా టమాటాని నలిపి, వడగట్టి, గొట్టంలో పోసి చూశానే తప్ప, అలా నిలబడి తిన్నది గుర్తులేదు. పులుపు ఉంది గానీ గుచ్చుకోదు. నువ్వు రెండోసారి ఎందుకు చెయ్యి చాచావో తెలిసింది, ఎందుకంటే నేనూ చాచాను.

అప్పుడే మేడమ్‌గారు వచ్చారు. అందులోంచి కాసిని గడ్డకట్టించి ఉంచండి, మళ్ళీ కొలవాలి అన్నారు. బావగారి మాట చెప్పాను. ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుని, అయితే ఉప్పు తెండి అన్నారు.

మరదలి కోసం నాలుగు తీసి దాచాను. మిగతావి మేమిద్దరం, పక్క గదివాళ్ళూ కలిసి తినేశాం. బావకి చెప్పు, ల్యాబ్‌లో నమూనా అన్నది ఒక్కటి కూడా మిగల్లేదు.

నీ తమ్ముడు